ఒక్క గిన్నెలో చిక్కుడు

ప్రేమలో పడటానికి మనుషులు పూలతోటలు, సినిమా హాళ్ళు, కాలేజీ క్యాంటీన్లు వెతుక్కుంటారు. పాల్వంచలో వెంకటకృష్ణ మాత్రం అంట్ల దగ్గర అంటుకున్నాడు.

శ్రావణమాసం. వాన ఆగి ఆగి, ఆగానని నమ్మించి మళ్ళీ కొడుతోంది. పెరట్లో కింది వాటాకీ పైగదికీ కలిపి ఒకటే నల్లా. దాని ముందు బండ మీద వెంకటకృష్ణ కుక్కరు, మూకుడు, పప్పుగిన్నె, చారుగిన్నె, పులుసుగిన్నె, అట్లకాడలు, మూతలు కొండలా పేర్చుకుని తోముతున్నాడు. పగలంతా థర్మల్ స్టేషన్లో బొగ్గు బెల్టుల దగ్గర ఉద్యోగం, సాయంత్రమయ్యేసరికి మాడిన మూకుళ్ళ దగ్గర ఉద్యోగం. రెండు చోట్లా నలుపే.

"ఏంది సార్, మీ ఇంట్ల పెండ్లా?"

తలెత్తి చూశాడు. ఎడమచేత్తో గొడుగు, కుడిచేత్తో చిన్న కుక్కరు, మీద నర్సు కోటు. పైగదిలోకి కొత్తగా కిరాయికొచ్చిన అమ్మాయి.

"పెళ్ళి కాదండీ, భోజనం."

"ఎంతమందికి?"

"నాకూ మా నాన్నకీ."

"ఇద్దరికా! గిన్ని గిన్నెలల్ల మా దవాఖాన వార్డుకు వార్డు తింటది. జల్దీ జరుగుండ్రి, నల్లా బందయితది."

"నేను ముందొచ్చానండీ."

"ముందొచ్చినోళ్ళు ముందు పోవాలె గద. మీరు ఈడనే కాపురం పెట్టినట్టుండ్రు."

అతను జరగలేదు. ఆ అమ్మాయి మళ్ళీ అడగనూ లేదు. కుక్కరు చూరు కింద పెట్టింది. వాన నింపింది. నాలుగు వేళ్ళు తిప్పి పారబోసింది.

"అయిపాయె."

"మీ వంటంతా ఆ ఒక్కదాంట్లోనేనా?"

"అవ్. బియ్యం, పప్పు, ఆకు, గుడ్డు, అన్ని ఒక్క ఇంట్ల కలిసుంటయి. మీ తీరుగ గిన్నెకొకటి ఏరు పడయి."

నవ్వుతూ మెట్లెక్కిపోయింది. వెళ్తూ వెనక్కి ఒక చూపు వదిలింది. అది చూరునీళ్ళలా సూటిగా అతని నడినెత్తిన పడింది. ఆమె పేరు ప్రమీల అనీ, సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు అనీ, ఊరు భద్రాచలం అవతల చర్ల దారిలో అడవిలోని కోయగూడెమనీ మర్నాటికల్లా తెలుసుకున్నాడు. దవాఖానాలో ఆమెను అందరూ సిస్టర్ అంటారు. వెంకటకృష్ణ ముందుజాగ్రత్తగా ఆ ఒక్క పిలుపు తన నోటికి రానివ్వలేదు.

నవ్వు ఇంతవరకే. ఆ గిన్నెల కొండ వెనక ఒక చావు ఉంది.

అతని తల్లి పద్మావతమ్మ ఎండాకాలంలో పోయింది. మధిర పక్కన పల్లెలో పత్తీ వరీ పండించే ఇల్లు. ఆవిడ వడ్డించిందంటే పప్పు, వేపుడు, పులుసు, పచ్చడి, చారు, అన్నిటికీ విడివిడి గిన్నెలూ విడివిడి మర్యాదలూ. ఆవిడ పోయాక తండ్రి వెంకటప్పయ్య పొలం కౌలుకిచ్చి, ఒక పెట్టె, ఒక గుడ్డమూట పట్టుకుని కొడుకు దగ్గరికొచ్చాడు. మూటలో ఆవిడ చివరిసారి తీసి దాచిన చిక్కుడు విత్తనాలు. వచ్చినప్పటినుంచి ఆయన మాట్లాడింది తక్కువ. ఆ ఇంట్లో నోరున్నది కుక్కరు ఒక్కదానికే. అదైనా విజిలేసేది.

అమ్మ వండినట్టే అన్నీ వండి ముందు పెడితే నాన్న తింటాడని వెంకటకృష్ణ ఆశ. ఆయన ఒక్కో గిన్నె వైపూ చూసి, రెండు ముద్దలు కెలికి, చెయ్యి కడుక్కునేవాడు. ఒంట్లో షుగరు ఉంది, ఇంట్లో తీపి లేదు.

ఒక సాయంత్రం అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి తండ్రి మెట్ల దగ్గర చెమటతో తడిసి పడున్నాడు. తల ప్రమీల ఒడిలో ఉంది. చెంచాతో పంచదార నీళ్ళు తాగిస్తోంది.

"మాత్ర ఏసుకుని అన్నం తినకపాయె. ఇంకింత సేపయితే మనిషి దక్కకపోవు," అంది.

"రోజూ అన్నీ వండుతున్నానండీ," అన్నాడు.

"అన్ని వండుతున్నరు, అందుకే తింటలేడు." ఆమె గొంతు తగ్గించింది. "ఆ గిన్నెలన్ని వరుసగ ముందల పెడితే ఆయనకు మీ అమ్మ యాదికొస్తది గద సార్. యాదికొస్తే ముద్ద దిగుతదా?"

అతను తడిసిన మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ తండ్రికి తను భోజనం పెట్టట్లేదు, రోజుకో తద్దినం పెడుతున్నాడు.

మర్నాడు ఆమె అతని వంటింట్లో నిలబడి నేర్పింది. గుప్పెడు బియ్యం, గుప్పెడు కొర్రలు, కందిపప్పు, అన్నిటికంటే ఎక్కువ కూరగాయలు. అడుగున జీలకర్ర, వెల్లుల్లి వేగాక అన్నీ అందులోకే. దించేముందు చారెడు మునగాకు, పైన గుడ్లు కొట్టి మూత.

"సగం కూర, మిగిలిన సగంల గింజ, పప్పు. పెద్దాయన షుగరుకు గిదే లెక్క. తిన్నంక ఒక్క కుక్కరు, రెండు పళ్ళాలు. ఇగ నల్లా కాడ నాకు సుత జర జాగ దొరుకుతది."

వెంకటప్పయ్య పళ్ళెంలోకి అనుమానంగా చూశాడు. "ఇదేం వంటరా?"

"వన్ పాట్ మీల్ నాన్నా."

"పాట్లు పడుతూనే ఉన్నాం కదరా, దానికో ఇంగ్లీషు పేరు కూడానా?"

నెలల తర్వాత ఆయన వేసిన మొదటి జోకు. ఆ పళ్ళెంలో పద్మావతమ్మ చేతివంట పోలిక ఒక్కటీ లేదు. అందుకే ముద్ద దిగింది. ఆ వారమే ఆయన గుడ్డమూట విప్పి, పెరట్లో పాదు చేసి, చిక్కుడు పెట్టాడు.

తీగ పందిరెక్కేలోగా వెంకటకృష్ణ పీకల్లోతు దిగాడు. ఆమె నైట్ డ్యూటీకి వెళ్తుంటే గొడుగు మరిచిపోయిందేమోనని రెండు గొడుగులు పట్టుకుని నిలబడేవాడు. 'సార్' కాస్తా 'కిట్టూ' అయింది, 'మీరు' కరిగి 'నువ్వు' అయింది. కార్తీకంలో, ఆకాశంలో చుక్క మబ్బు లేని సాయంత్రం, కుక్కరు తోముతూ అడిగేశాడు.

"మనిద్దరికీ ఒక్క కుక్కరు చాలదా ప్రమీలా?"

ఆమె నవ్వలేదు. నల్లా కట్టేసింది.

"నాకు చాలు. నాయిన ఒప్పుకోవాలె. నాయిన వద్దంటే వద్దే, కిట్టూ. గాయిన్ని కాదని నేను రాను."

"ఎందుకొద్దంటాడు?"

"మా ఏజెన్సీల మా భూమి బయటోళ్ళు కొనరాదు. అందుకని మా పిల్లల్ని చేసుకుంటరు. పిల్ల పేరు మీద భూమి రాయిస్తరు. మా ఊర్ల ఒక పిల్ల పేరు మీద పత్తి చేను ఉన్నది. ఆ పిల్ల అదే చేన్ల కూలికి పోతాంది. మీరేమో రైతులు. నాయినకు ముందుగాల ఏం కనపడతదో చెప్పు."

వెంకటకృష్ణ తోమేసిన కుక్కరునే మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు.

"నాయిన కంటి ఆపరేషన్ ఉంది, వచ్చే నెల ఈడికే వస్తడు. మనిషిని చూడనియ్యి. నువ్వు సుత కనపడు. మాటలతోని కాదు, మామూలుగ ఉండు."

మామూలుగా ఉండమంటే మామూలు మనిషి ఉంటాడు. ప్రేమించినవాడు ఎలా ఉంటాడు?

మార్గశిరంలో ప్రమీల అమ్మానాన్నలు సీతయ్య, కన్నమ్మ వచ్చారు. సీతయ్య సన్నటి పొడుగు మనిషి. వాళ్ళ ఊరి వేల్పుకు పూజ చేసేది ఆయనే. ఒక కంటికి ఆపరేషనయి కట్టు కట్టారు, రెండో కంటికి పొర. చూపు పూర్తిగా కన్నమ్మే. ఆమె చెయ్యి పట్టి నడిపిస్తే నడిచేవాడు. డిశ్చార్జి రోజు ప్రమీలకు డ్యూటీ ఉంది. తల్లిదండ్రులను ఆటో ఎక్కించి, "ఎనిమిదింటికల్ల వస్త, వచ్చి వండుత," అని వెంకటకృష్ణకు ఫోన్ చేసింది.

"నువ్వు రా, చాలు," అన్నాడతను. ఆమెకో సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాడు.

ఆ సాయంత్రం వెంకటప్పయ్య పెరట్లో మొదటి కోత కోశాడు. లేత చిక్కుళ్ళు, ఒడినిండా. భార్య పోయాక ఆయన చేతుల్లోంచి వచ్చిన మొదటి పంట. "ఇవి కూడా వెయ్యరా. అమ్మ విత్తనం. ఆ పిల్ల అమ్మానాన్నా తింటారు," అన్నాడు. కొడుక్కి కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళతోనే మొత్తం చిక్కుళ్ళు కుక్కర్లో వేశాడు. మామూలుగా మనం పప్పులో కాలేస్తాం. పాపం వెంకటకృష్ణ చిక్కుడు వేశాడు.

ప్రమీల వంట వానాకాలమంతా చూశాడు. ఆ కాలంలో చిక్కుడు కాయదు కాబట్టి ఆమె గిన్నెలో చిక్కుడు లేకపోవడం అతని కళ్ళబడలేదు. చారు పెట్టడం తెలిసినవాడే గానీ, ఆచారం తెలిసినవాడు కాదు.

పొద్దున్నుంచి దవాఖానాలో ఉండి ఆకలితో ఉన్న ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. వెంకటప్పయ్య తన చేత్తో వడ్డించాడు. కట్టున్న కంటితో సీతయ్యకు పళ్ళెంలో ఉన్నది కనపడదు. మునగాకూ గుడ్డూ కప్పేసిన చిక్కుడు కన్నమ్మ కంటా పడలేదు. చేత్తో తడిమి, ముద్ద చేసి, నోట్లో పెట్టుకున్నాడు. నమల్లేదు. ఆ ముద్ద మెల్లగా చేతిలోకి తీసుకున్నాడు.

"చిక్కుడు," అన్నాడు.

కన్నమ్మ ఎత్తిన ముద్ద పళ్ళెంలో పడేసింది.

"ఏమైందండీ? ఉప్పెక్కువైందా?" అన్నాడు వెంకటకృష్ణ.

"మా ఊర్ల చిక్కుడు పండుగ కాలే బిడ్డా. కొత్త కాయ వేల్పుకు పెట్టకముందు మేం ముట్టం. పూజ చేసేది నేను. నేను తిన్నంకనే ఊరు తింటది. నా కన్ను కోసమే ఊరంత ఆగి ఉన్నది."

"కాయలు ఏరేస్తాను, ఒక్క నిమిషం..."

"ఎట్ల ఏరుతవ్? రసమంత దాంట్లనే ఉడికె గద."

నిజమే. పది గిన్నెల ఇంట్లో అయితే కూర పక్కకు జరిపి, పప్పుతో తిని లేవొచ్చు. ఒక్క గిన్నె వంటకు పక్క అనేదే ఉండదు. ఒకటి తప్పయితే మొత్తం తప్పే.

ఇదంతా అర్థం కాక వెంకటప్పయ్య నిలబడ్డాడు. "అది మా ఆవిడ విత్తనమండీ. పోయిన మనిషిది. మీకు ఉమ్మెయ్యబుద్ధేసిందా?"

సీతయ్య గోడ పట్టుకుని లేచాడు. "వానకాలం మా ఊర్ల జ్వరాలకు పసిపిల్లలు పోయిండ్రు. కన్న అవ్వలు ఇంకా ఏడుస్తాండ్రు. ఈ యేడు ఏ తప్పు జరగొద్దని అందరు నా దిక్కే చూస్తాండ్రు. నేనేమో నోట్ల పెట్టుకుంటి. ఊరికి ఏం మొకం చూపియ్యాలె?"

గొంతు పెంచలేదు. అదే వెంకటకృష్ణను ఎక్కువ భయపెట్టింది. నోరు పుక్కిలించి, కన్నమ్మ చెయ్యి పట్టుకుని పైగదికి వెళ్ళిపోయాడు. ఆకలితోనే.

ప్రమీల ముందు పైగదికి వెళ్ళి, కిందికొచ్చేసరికి అన్నం అలాగే ఉంది.

"పొయ్యి మీద పెట్టేముందు నాకొక్క మాట చెప్పొద్దా?"

"సర్‌ప్రైజ్ అనుకున్నా..."

"సర్‌ప్రైజా? నాయిన రేపు పొద్దుగాల బస్సుకు పోతా అంటాండు. నీ మాట ఎత్తితే, 'అడగకుండ పెట్టెటోడు అడగకుండనే తీసుకుంటడు' అన్నడు. నేనేం చెప్పాలె? పోతున్న సార్."

సర్‌ప్రైజ్‌లో ప్రైజ్ పోయి సారొక్కడే మిగిలాడు.

లోపల వెంకటప్పయ్య ఆ కుక్కరు ముందు కూర్చుని, ఎవరూ తినని ఆ అన్నం ఒక్కడే తింటున్నాడు. ఏడుస్తూ తింటున్నాడు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపబోయాడు.

"ఉండనీరా. ఆవిడది పారబొయ్యలేను."

కాసేపటికి ఆయనే అడిగాడు. "వాళ్ళ పిల్లలు పోయారన్నాడు కదూ?"

"అవును నాన్నా."

"నేను ఉమ్మెయ్యడం గురించి మాట్లాడాను." ఆయన చెయ్యి కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఇల్లు మళ్ళీ ఎండాకాలంలోకి వెళ్ళింది. ప్రమీల నల్లా దగ్గరికి అతను లేని వేళ చూసుకుని వచ్చేది. మెట్ల మీద ఎదురైతే "డ్యూటీకి లేటయితాంది" అని దిగిపోయేది. కాలికింద మెట్టు ఉందో లేదో చూడకుండా దిగేది. కళ్ళు వాచి ఉండేవి. వెంకటకృష్ణ ఊరికి వెళ్ళి కాళ్ళ మీద పడతానని ఫోన్లో మెసేజ్ పెట్టాడు. "రావద్దు. నాయిన కాళ్ళు పట్టించుకునే మనిషి కాదు," అని జవాబొచ్చింది. ఒక వంకాయ, ఒక టమాటా తరిగి కుక్కర్లో వేసి, అది ఉడికేలోగా పెరట్లోకి చూస్తూ నిలబడటం అతని సాయంత్రాలయ్యాయి.

చిక్కుడు మాత్రం ఆగలేదు. పందిరి విరిగేలా కాసింది. కాయలు ముదిరాయి. తొక్కలు పసుపెక్కాయి, కొన్ని ఎండి గలగలమంటున్నాయి.

"కోద్దామా నాన్నా? పాడైపోతున్నాయి," అన్నాడు వెంకటకృష్ణ.

"ఉండనీ," అన్నాడు వెంకటప్పయ్య. చేతికొచ్చిన పంట చెట్టుమీద ముదిరిపోతుంటే చూడటం రైతుకు ఎంత బాధో కొడుక్కి తెలుసు. ఆయన రోజూ నీళ్ళు పోసేవాడు. ఒక్క కాయా కొయ్యలేదు.

కన్ను చూపించుకోవడానికి సీతయ్య మళ్ళీ వచ్చాడు. కట్టు విప్పాక పెట్టిన నల్లద్దాలు కూడా తీసెయ్యొచ్చన్నారు. ఈసారి కన్నమ్మ చెయ్యి వదిలేసి, తనే మెట్లవైపు నడుస్తూ పెరట్లో ఆగాడు. చాలాసేపు పందిరి వంక చూశాడు. కొత్త కన్నుతో ఆయన తేరిపార చూసిన మొదటి పచ్చదనం అదే.

వెంకటప్పయ్య పాదు దగ్గర చెంబుతో ఉన్నాడు. వంటింటి కిటికీలో వెంకటకృష్ణ బిగుసుకుపోయాడు.

"కాయలు తెంపలేదేంది పెద్దమనిషీ? ముదిరిపాయె గద."

"మీ ఊళ్ళో పండగ కాలేదన్నారు కదండీ."

"మాకు గాలే. నీకేం అడ్డం?"

వెంకటప్పయ్య చెంబు కింద పెట్టాడు. "ఒకే పెరట్లో నీళ్ళు పట్టుకుంటున్నాం. మీ పిల్ల ముట్టని కాయ ఇక మా నోట్లోకి దిగలేదు. ఆవేళ నోరు జారాను. మా ఆవిడ పోయిందన్న ఏడుపులో మీ ఊరి పిల్లలు పోయిన ఏడుపు నాకు వినపడలేదు."

సీతయ్య పందిరి కిందికి వెళ్ళి, ఎండిన కాయ ఒకటి వేళ్ళతో తాకి వదిలాడు. తెంపలేదు.

"ఎంత పంట కరాబయింది," అన్నాడు.

"అయింది."

"ఆదివారం పండుగ పెట్టుకున్నం. రాండ్రి. ఈ గింజలు సుత తేండ్రి, ఎండినయ్ అయినా వేల్పు కాదనదు." మెట్లెక్కబోతూ కిటికీ వైపు తిరిగాడు. "నీ కొడుకును సుత తోల్కరా. ఆ కిటికీల ఊపిరి తీస్తలేడు."

అంతే. అవుననలేదు, కాదనలేదు. ప్రమీలను అడిగితే, "పిలిచిండు గంతే. ఆశపడకు," అంది. ఆమె గొంతులోనే ఆశ ఉంది.

ఆదివారం గూడెం చివర చెట్ల మధ్య ఊరంతా చేరింది. ఇంటింటినుంచీ వచ్చిన చిక్కుళ్ళ పక్కన వెంకటప్పయ్య తెచ్చిన గింజలూ ఉన్నాయి. సీతయ్య వాటిని వేరుగా పెట్టలేదు, కలిపేశాడు. కొత్త చిక్కుడూ బియ్యమూ ఒకటే పెద్ద కుండలో ఉడికాయి. ఆయన వేల్పుకు పెట్టాక, కుండలోంచి కొంచెం ఆకులో తీసుకుని, పోయినవాళ్ళకు పెట్టడం మొదలుపెట్టాడు. ముందు తన అమ్మానాన్నలు. తర్వాత వానాకాలంలో పోయిన పసివాళ్ళు. ఒక్కో పేరూ చెప్పి, ఒక్కో ముద్ద నేల మీద పెట్టాడు. ఒక తల్లి బిడ్డ పేరు వినగానే నేల మీదికి వాలిపోయింది. కన్నమ్మ ఆమెను పట్టుకుంది. వడ్డిస్తున్న ప్రమీల గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

సీతయ్య లేవలేదు. వెంకటప్పయ్య వైపు తిరిగాడు.

"మీ ఆమె పేరేంది?"

వెంకటప్పయ్య కొడుకు వైపు తిరిగాడు. వెంకటకృష్ణ చెప్పాడు. "పద్మావతమ్మ."

"పద్మావతమ్మ," అన్నాడు సీతయ్య. తనవాళ్ళకు పెట్టిన ముద్దల వరుసలోనే ఇంకో ముద్ద పెట్టాడు. తర్వాత తను తిన్నాడు. ఊరు తినడం మొదలుపెట్టింది.

అడ్డాకు విస్తట్లో అన్నం పెట్టించుకుని సీతయ్య వెంకటప్పయ్య పక్కన కూర్చున్నాడు. వెంకటప్పయ్య ముద్ద చేసి పట్టుకుని, ఆ నేల మీది వరుస వైపే చూస్తున్నాడు.

"తిను బావా," అన్నాడు సీతయ్య. "సల్లారితే బాగుండదు."

వెంకటప్పయ్య తిన్నాడు.

వెంకటకృష్ణ ప్రమీల దగ్గరికి వెళ్ళాడు. "మీ నాయిన ఏమన్నాడు?"

"ఇనపడలే?"

"వినపడింది. ఇంకోసారి విందామని."

"మా నాయిన ఏ మాటయినా ఒక్కసారే అంటడు." ఆమె కళ్ళు తుడుచుకుని, నీళ్ళ చెంబు అతని చేతిలో పెట్టింది. "పో కిట్టూ. మీ మామకు నీళ్ళు తీస్కపో."